సియాటిల్ లైట్ రైల్: కారు లేని అమ్మానాన్నల తిరుగుళ్ళు

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన పెద్దవాళ్ళకి మొదటి వారం బాగానే గడుస్తుంది. రెండో వారం నుంచి మొదలవుతుంది అసలు కథ. పిల్లలు ఆఫీసుకి పోతారు, కారు వాళ్ళతోనే పోతుంది, మనం బాల్కనీలో కూర్చుని పార్కింగ్‌లో ఎవరి కారు ఎప్పుడు బయల్దేరిందో లెక్క పెట్టుకోవడమే. 2023లో మాకు అదే జరిగింది. 2025 జులైలో మళ్ళీ సియాటిల్ పక్క ఊరు రెడ్మండ్‌లో ఉన్న అమ్మాయి దగ్గరికి వెళ్ళేసరికి, వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి పన్నెండు నిమిషాల నడకలో రైలు స్టేషన్ వచ్చి కూర్చుంది. డౌన్‌టౌన్ రెడ్మండ్ స్టేషన్, ఆ మే నెలలోనే తెరిచారట.

"శనివారం దాకా ఆగండి నాన్నా, నేనే తిప్పుతాను కదా" అంది అమ్మాయి. ఆగలేదు. మూడు వారాల్లో నేనూ మా ఆవిడా పద్నాలుగు రోజులు రైలెక్కాం.

ముందు లైన్ల సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. ఈ లైట్ రైల్‌ని అక్కడ లింక్ అంటారు. మేము తిరిగినప్పుడు రెండు లైన్లు నడుస్తున్నాయి. 1 లైన్ ఉత్తరాన లిన్‌వుడ్ నుంచి సియాటిల్ డౌన్‌టౌన్ మీదుగా, ఎయిర్‌పోర్టు కూడా దాటి యాంగిల్ లేక్ దాకా వెళ్ళేది. 33 మైళ్ళు, 23 స్టేషన్లు. 2 లైన్ ఏమో సౌత్ బెల్వ్యూ నుంచి డౌన్‌టౌన్ రెడ్మండ్ దాకా, పది స్టేషన్లు. తమాషా ఏంటంటే ఈ రెండూ అప్పటికి ఎక్కడా కలిసేవి కావు, మధ్యలో లేక్ వాషింగ్టన్ అడ్డం. సరస్సు మీద తేలే వంతెన ఉంది, దాని మీద పట్టాలు కూడా వేసేశారు, కానీ రైలు అప్పటికింకా తిరగడం లేదు. 2026 మొదట్లో కలుపుతామని అప్పుడు చెప్తుండేవాళ్ళు. కాబట్టి మీరు వెళ్ళే ముందు కొత్త మ్యాప్ చూసుకోండి, నేను చెప్పబోయే బస్సు తిప్పలు మీకు ఉండకపోవచ్చు.

మొదటి రోజు మేము చేసిన ఘనకార్యం ఒకటుంది. మెట్లెక్కి పైకి వెళ్ళాం, పట్టాలు కనిపించాయి, ఇద్దరం నిలబడి గేటు కోసం వెతుకుతున్నాం. మియాపూర్‌లో మెట్రో ఎక్కి ఎక్కి అలవాటైన ప్రాణాలు కదా, కార్డు పెడితే తలుపులు తెరుచుకోవాలి, అప్పుడే లోపలికి వెళ్ళినట్టు. "గేటు ఇంకా ముందుందేమోనండీ" అని మా ఆవిడ ప్లాట్‌ఫారం చివరి దాకా నడిచి వెనక్కి వచ్చింది. గేటు లేదు, అసలు ఏ స్టేషన్లోనూ ఉండదు. కింద మెట్ల దగ్గర ఒక పసుపు రంగు మెషిన్ స్తంభంలా నిలబడి ఉంటుంది, దానికి ఓర్కా కార్డు (అక్కడి రైళ్ళకీ బస్సులకీ వాడే కార్డు) తాకించి పైకి రావాలి. మేము దాన్ని చూడకుండానే దాటి వచ్చేశాం! మళ్ళీ కిందకి దిగి కార్డు పెట్టి పైకెక్కేలోపు రైలు వెళ్ళిపోయింది. పది నిమిషాలకి ఇంకోటి వచ్చింది అనుకోండి. గేటు లేదని ఊరికే ఎక్కేయకండి, యూనిఫాం వేసుకున్నవాళ్ళు రైల్లోకి వచ్చి చెక్ చేస్తారు, మా దగ్గరికి మూడు వారాల్లో రెండుసార్లు వచ్చారు.

ఛార్జీ విషయంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే లెక్కలు లేవు. ఒక్క స్టేషన్ వెళ్ళినా, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళినా 3 డాలర్లే. ఇంతకుముందు దూరాన్ని బట్టి ఉండేదట, దిగాక కూడా కార్డు తాకించాల్సి వచ్చేదట, 2024 ఆగస్టు చివర్లో ఆ బెడద తీసేశారు. కార్డుతో వెళ్తే రెండు గంటల్లోపు బస్సు మారినా ఆ టికెట్టే సరిపోతుంది. 18 ఏళ్ళ వరకు పిల్లలకి ఉచితం. 65 దాటినవాళ్ళు వయసు రుజువు చూపించి తగ్గింపు కార్డు తీసుకుంటే 1 డాలరే. నాకు 67, మా ఆవిడకి 62. కార్డు తాకించిన ప్రతిసారీ "మీకంటే నాకే ఖరీదెక్కువ" అనడం ఆవిడకి అలవాటైపోయింది.

2 లైన్‌లో మాకు బాగా పనికొచ్చిన స్టేషన్ ఓవర్‌లేక్ విలేజ్. అక్కడ చూడ్డానికేమీ లేదు, నడిచి వెళ్ళే దూరంలో మన కిరాణా దుకాణాలు ఉన్నాయి, అంతే. దొండకాయలు, గోంగూర, కరివేపాకు సంచిలో వేసుకుని రైల్లో ఇంటికి వస్తుంటే ఆవిడ ముఖం చూడాలి. రెండేళ్ళ క్రితం కరివేపాకు అయిపోతే శనివారం దాకా ఆగాల్సి వచ్చేది. మేరీమూర్ విలేజ్‌లో దిగితే పెద్ద పార్కు, పొద్దున్నే నడకకి బ్రహ్మాండం. రెడ్మండ్ టెక్నాలజీ అంటే మైక్రోసాఫ్ట్ క్యాంపస్ పక్కనే, హైవే మీదుగా ఓ పొడవాటి నడక వంతెన ఉంది, సాయంత్రం ఐదింటికి అక్కడ నిలబడితే నాలుగు తెలుగు మాటలు చెవిన పడకుండా ఉండవు. స్ప్రింగ్ డిస్ట్రిక్ట్, బెల్‌రెడ్ మాకు అనవసరం, కొత్త బిల్డింగులు తప్ప ఏం కనబడలేదు. బెల్వ్యూ డౌన్‌టౌన్‌లో దిగితే షాపింగ్ మాళ్ళు, ఎండగా ఉన్న రోజు ఏసీలో తిరగడానికి బాగానే ఉంటుంది, కానీ కాఫీ తాగితే పర్సు తేలికైపోతుంది.

సౌత్ బెల్వ్యూని చాలామంది కారు పార్క్ చేసి పోయే స్టేషన్‌గానే చూస్తారు. కానీ రోడ్డు పక్కనే మెర్సర్ స్లూ అని పెద్ద చిత్తడి నేల, లోపల చెక్కబాటలు, నీళ్ళు, పిట్టలు. మేము అనుకోకుండా వెళ్ళి రెండు గంటలు ఉండిపోయాం. ఈ లైన్ మొత్తంలో చూడాల్సింది ఒక్కటే చెప్పమంటే నేను దీన్నే చెప్తాను.

ఇక సరస్సు దాటడం. రెడ్మండ్ నుంచి సియాటిల్‌కి నేరుగా 545 నంబరు బస్సు ఉండేది, అది 520 హైవే మీద ఉన్న తేలే వంతెన మీంచి పోయేది, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన తేలే వంతెన అదే. అల్లుడు "మావయ్య గారూ, అదే ఎక్కండి, మారే పని లేదు" అన్నాడు. నాకేమో రైలు పిచ్చి. సౌత్ బెల్వ్యూ దాకా రైల్లో వెళ్ళి, అక్కడ 550 బస్సు పట్టుకుని ఇంకో తేలే వంతెన మీదుగా వెళ్దామన్నాను. నిజం చెప్పాలంటే అల్లుడు చెప్పిందే మేలు, టైం కలిసొస్తుంది. కానీ 550లో కిటికీ పక్క సీటు దొరికితే వంతెన మధ్యలో ఆ ఖాళీ పట్టాలు, పైన వైర్లు, అటూ ఇటూ నీళ్ళు కనిపించేవి. నీటి మట్టం పెరుగుతుంటుంది, తగ్గుతుంటుంది, దాంతోపాటు వంతెనా కదులుతుంది, దాని మీద రైలు నడపాలి. తేలే వంతెన మీద లైట్ రైల్ అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేదట. ఎందుకు ఆలస్యమైందా అని విసుక్కున్నవాడిని అది చూశాక నోరు మూసుకున్నా.

1 లైన్ వయసులో పెద్దది, ముక్కలు ముక్కలుగా పెరిగింది. 2009 జులైలో మొదలైంది, ఆ డిసెంబరుకి ఎయిర్‌పోర్టు చేరింది, 2016లో యూనివర్సిటీకి, 2021లో నార్త్‌గేట్‌కి, 2024లో లిన్‌వుడ్‌కి. డౌన్‌టౌన్‌లో భూమిలోపల ఉన్న స్టేషన్లు అంత విశాలంగా ఎందుకున్నాయా అనుకున్నాను. ఆ సొరంగం 1990లో బస్సుల కోసం తవ్విందట, తర్వాత రైళ్ళు వచ్చాయి, కొన్నేళ్ళు రెండూ కలిసి తిరిగాయి, 2019లో బస్సుల్ని పూర్తిగా పైకి పంపేశారు.

అక్కడే మేము దారి తప్పాం. వెస్ట్‌లేక్‌లో రెండు వైపులా రెండు ప్లాట్‌ఫారాలు, బోర్డు మీద చివరి స్టేషన్ పేరు ఉంటుంది, అప్పుడు లిన్‌వుడ్ అంటే ఉత్తరం, యాంగిల్ లేక్ అంటే దక్షిణం. యూనివర్సిటీకి పోవాల్సినవాళ్ళం మాటల్లో పడి యాంగిల్ లేక్ రైలెక్కేశాం. పైగా ఎవరిదో పాత ప్రింటవుట్ తెచ్చుకున్నా, అందులో యూనివర్సిటీ స్ట్రీట్ అని ఉంది, అదే వచ్చే స్టేషన్ అనుకుని నిశ్చింతగా కూర్చున్నా. ఆ స్టేషన్‌కీ యూనివర్సిటీకీ సంబంధమే లేదు, ఇలా తికమక పడుతున్నారనే 2024లో పేరు సింఫనీ అని మార్చారు. యూనివర్సిటీకి వెళ్ళాలంటే యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ స్టేషన్, లేదా దాని తర్వాతి యూ డిస్ట్రిక్ట్. పయనీర్ స్క్వేర్‌లో దిగి, పైకెక్కి, అవతలి వైపు మెట్లు దిగేసరికి మా ఆవిడ మోకాళ్ళు నన్ను తిట్టాయి.

యూనివర్సిటీ స్టేషన్లో పైకి వచ్చి, క్యాంపస్ లోపలి ఫౌంటెన్ దాకా నడిస్తే ఎదురుగా రెయినియర్ పర్వతం. మబ్బు లేని రోజైతేనే. 14,410 అడుగుల మంచుకొండ, చెట్ల వరుసల మధ్యలో సరిగ్గా తలుపు తీసి చూపించినట్టు ఉంటుంది. మేము మొదటిసారి వెళ్తే ఏమీ లేదు, తెల్లటి ఆకాశం. మూడు రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళాం, దొరికింది. ఒక గంట అక్కడే కూర్చుని పులిహోర తిన్నాం.

క్యాపిటల్ హిల్‌లో రైలు దిగి తలెత్తి చూస్తే రెండు పాత యుద్ధ విమానాలు ముక్కలు విడదీసి వేలాడదీసి ఉంటాయి, అది అక్కడి కళ. ఆ ఊరివాళ్ళకి నచ్చిందేమో, మా ఆవిడ మాత్రం దాని కింద నిలబడనంది. బీకన్ హిల్ ఇంకో రకం. 160 అడుగుల లోతు, పైకి రావాలంటే లిఫ్టులే, ఎస్కలేటర్ లేదు. బావిలోంచి చేదుకున్నట్టు పైకొస్తాం. స్టేషన్ల పేర్ల పక్కన కొన్నిచోట్ల చిన్న బొమ్మలు కూడా కనిపిస్తాయి, బీకన్ హిల్‌కి గాలిపటం, చైనాటౌన్ ఉన్న ఇంటర్నేషనల్ డిస్ట్రిక్ట్‌కి డ్రాగన్. ఇంగ్లీషు చదవలేనివాళ్ళు గుర్తుపట్టడానికట, మన ఎన్నికల గుర్తుల్లాగా.

పయనీర్ స్క్వేర్ నుంచి ఫెర్రీ దగ్గరికి నడిచి వెళ్ళొచ్చు, దారంతా దిగుడే. బెయిన్‌బ్రిడ్జ్ ద్వీపానికి 35 నిమిషాలు, నడిచి ఎక్కేవాళ్ళకి వెళ్ళేటప్పుడే టికెట్టు, తిరిగి వచ్చేటప్పుడు అడగరు. వెస్ట్‌లేక్ నుంచి పైక్ ప్లేస్ మార్కెట్ కూడా నడకే, చేపలు విసురుకునే చోటు చుట్టూ జనం ఎంతమంది అంటే మాకు చేపల కంటే ఫోన్లే ఎక్కువ కనిపించాయి. స్పేస్ నీడిల్ దగ్గరికి వెస్ట్‌లేక్ పైనుంచే మోనోరైలు ఉంది, 1962 నాటిది, రెండు నిమిషాల్లో దింపేస్తుంది.

ఒక ఇబ్బంది మాత్రం మన వయసువాళ్ళకి ముందే చెప్పాలి. కొన్ని పెద్ద స్టేషన్లలో తప్ప టాయిలెట్లు ఉండవు. ఎక్కే ముందు ఇంట్లోనో, లైబ్రరీలోనో చూసుకోండి, మొహమాటపడకండి.

ఎక్కడ ఉండాలన్నది మా బామ్మర్ది పుణ్యమా అని తెలిసింది. వాళ్ళు డల్లాస్ నుంచి నాలుగు రోజులకి వచ్చారు. చౌక అని ఎయిర్‌పోర్టు దగ్గర ఒక హోటల్ తీసుకున్నాడు, "స్టేషన్‌కి ఐదు నిమిషాలట బావా" అని నాకు ఫోన్లో గొప్పలు. ఆ ఐదు నిమిషాలు కారులో అని అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఇద్దరు పిల్లలు, పెట్టెలు, ఆరు వరసల రోడ్డు పక్కన ఇరవై ఐదు నిమిషాల నడక. హోటల్ వ్యాన్ గంటకోసారి అన్నారు, మొదటి రోజు రానేలేదు. పైగా అక్కణ్ణుంచి వెస్ట్‌లేక్ 38 నిమిషాలు, రోజుకి రెండుసార్లు. దారిలో రెయినియర్ బీచ్ నుంచి మౌంట్ బేకర్ లోపు రైలు రోడ్డు మధ్యలోనే నడుస్తుంది, కార్ల సిగ్నళ్ళ పక్కనే, పిల్లలకి సరదా, పెద్దవాళ్ళకి నిద్ర. మూడో రోజు ఆ హోటల్ వదిలేసి యూ డిస్ట్రిక్ట్‌లో రూం తీసుకున్నారు, రాత్రికి ఓ నలభై డాలర్లు ఎక్కువ, కానీ పది నిమిషాల్లో డౌన్‌టౌన్, చుట్టూ స్టూడెంట్ల హోటళ్ళు కాబట్టి తిండి చౌక. నన్నడిగితే డౌన్‌టౌన్ రేట్లు భరించలేనివాళ్ళు యూ డిస్ట్రిక్ట్ గానీ నార్త్‌గేట్ గానీ చూడండి. హోటల్ వాళ్ళు ఎన్ని నిమిషాలు అన్నా మ్యాప్‌లో నడక పెట్టి చూసుకోండి.

తిరుగు ప్రయాణం రోజు ఎయిర్‌పోర్టుకి కూడా రైల్లోనే పోదామన్నాను. 23 కిలోల పెట్టెలు నాలుగు, ఊరగాయల డబ్బాలు ఖాళీ అయిన చోట చాక్లెట్లు. పైగా అక్కడ రైలు దిగాక కార్ల పార్కింగ్ బిల్డింగులోంచి చాలా దూరం నడవాలి. మా ఆవిడ నా వైపు చూసిన చూపుకి ఇంకేం మాట్లాడకుండా వెళ్ళి అమ్మాయి కారులో ముందు సీట్లో కూర్చున్నాను. ఓర్కా కార్డులో 6 డాలర్లు మిగిలాయి. అమ్మాయికి ఇచ్చేద్దామనుకుని మర్చిపోయా, ఇప్పుడు పర్సులో మెట్రో కార్డు పక్కనే ఉంది, మొన్న మియాపూర్ గేటు దగ్గర పొరపాటున అదే తాకించాను.