కారు షోరూంకు ఏ సీఆర్‌ఎం మేలు?

కొత్త కార్లు అమ్మే డీలర్ సీఆర్‌ఎం (కస్టమర్ల వివరాలు, వారు చెప్పిన మాటలు రాసిపెట్టుకునే సాఫ్ట్‌వేర్) గురించి ఆలోచించే నాటికే ఆయన షోరూంలో ఒక సాఫ్ట్‌వేర్ నడుస్తూ ఉంటుంది. కార్ల కంపెనీ ఇచ్చే డీలర్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే అందరూ డీఎంఎస్ అని పిలిచేది, లేకపోతే స్టాకు చేరదు, బిల్లు కాదు, వారంటీ క్లెయిమ్ వెళ్లదు. కాబట్టి డీలర్ ముందున్న దారులు ప్రధానంగా మూడు. డీఎంఎస్‌లోనే ఉన్న ఎంక్వైరీ విభాగంతో సరిపెట్టుకోవచ్చు, జోహో వంటి సాధారణ సీఆర్‌ఎంను దాని పక్కన పెట్టుకోవచ్చు, లేదా సేల్స్‌ఫోర్స్ వంటి పెద్ద వ్యవస్థకు వెళ్లవచ్చు. కోస్తా జిల్లాల షోరూంలలో సేల్స్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేసినవాడిగా, ఏది ఎవరికి నప్పుతుందో నాకు తెలిసినంత వివరంగా చెబుతాను.

సీఆర్‌ఎం కాపాడవలసినదేమిటో ముందు చూడాలి. నేను టీమ్ లీడర్‌గా ఉన్న రోజుల్లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు భార్యతో కలిసి ఆషాఢంలో షోరూంకు వచ్చారు. ఆయనకు ఎడమ మోకాలు నొప్పి, క్లచ్ తొక్కలేరు, అందుకే ఆటోమేటిక్ కావాలన్నారు. ఆమెకు సీటు కాస్త ఎత్తుగా ఉండాలి. డెమో కారులో రెండుసార్లు ఎక్కి దిగి చూసి, ‘ఈ ఎత్తు సరిపోతుంది బాబూ, శ్రావణంలో తీసుకుంటాం’ అని చెప్పి వెళ్లారు. ఈ వివరాలన్నీ మా ఎగ్జిక్యూటివ్ తన ఫోనులో రాసుకున్నాడు. డీఎంఎస్‌లో మాత్రం పేరు, నంబరు, మోడల్, ‘కోల్డ్’, అంటే ఇప్పట్లో కొనరు, అన్న ఒక్క మాట మిగిలాయి. మూడు వారాలకు అతను ఉద్యోగం మానేశాడు. శ్రావణం రాగానే మా టెలీకాలర్ ఆ నంబరుకు ఫోన్ చేసి, మాన్యువల్ గేరు కారు మీద ఉన్న ఆఫర్ వివరించింది. ఆయన కోప్పడలేదు. ‘మేం చెప్పినవేవీ మీ దగ్గర లేవా అమ్మా’ అని అడిగి ఫోన్ పెట్టేశారు. కారు మరో షోరూంలో కొన్నారని తర్వాత తెలిసింది. ఒక అమ్మకం పోయినందుకు కాదు గానీ, అంత ఓపికగా అన్నీ చెప్పిన మనుషులకు మేం ఏమీ గుర్తుపెట్టుకోలేదన్న భావన కలిగించినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

డీఎంఎస్‌లో ఎంక్వైరీ, టెస్ట్ డ్రైవ్, ఫాలో అప్ నమోదు చేసే వీలు చాలాచోట్ల ఉంటుంది. టాటా మోటార్స్ వంటి కంపెనీ చాలా ఏళ్ల క్రితమే సీబెల్ అనే సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ ఆధారంగా డీలర్ల కోసం సీఆర్‌ఎంను, డీఎంఎస్‌ను కలిపి నిర్మించింది. దీని బలం తేలిగ్గా తీసిపారేయదగినది కాదు. ఎంక్వైరీ నుంచి డెలివరీ దాకా, అక్కడి నుంచి సర్వీసు జాబ్ కార్డు దాకా ఒకే వరుస ఉంటుంది, ఛాసిస్ నంబరు ఒక్కసారి ఎక్కితే చాలు. విడిగా లైసెన్సు కొనాల్సిన పని ఉండదు, కొత్తగా శిక్షణ ఇవ్వాల్సిన పనీ ఉండదు. నెలకు ముప్పై నలభై కార్లు అమ్మే చిన్న అవుట్‌లెట్‌లో, పాతకాపులైన ఎగ్జిక్యూటివ్‌లు నలుగురైదుగురే ఉన్నప్పుడు, రోజూ ఉదయం పది నిమిషాలు కూర్చుని ఎంక్వైరీలు చదివే మేనేజరు ఉంటే, ఇది సరిపోతుందనే నా అభిప్రాయం.

అయితే డీఎంఎస్‌లోని అంకెలు కంపెనీ కళ్ల ముందు ఉంటాయి, చిక్కంతా అక్కడే వస్తుంది. ఎంక్వైరీల్లో ఎన్ని బుకింగులయ్యాయి, ఎంతమందికి టెస్ట్ డ్రైవ్ ఇచ్చారు అన్నవి డీలర్‌కు మార్కులు వేసే అంకెలు అయినప్పుడు, ఎగ్జిక్యూటివ్ మనసు సహజంగానే మార్కుల వైపు వెళుతుంది. బేరం దాదాపు కుదిరాకే ఎంక్వైరీ ఓపెన్ చేయడం, నెలాఖరున కూర్చుని ఫాలో అప్‌లు నింపడం ఈ రంగంలో పనిచేసిన వారెవరికీ కొత్త కాదు. అలా నింపిన లెక్కల్లో పోగొట్టుకున్న కస్టమర్ ఎక్కడా కనిపించడు. డీలర్‌కు తన తప్పు తనకు చూపించే రికార్డు ఒకటి కావాలి, అది తనదై ఉండాలి.

తనదై ఉండడానికి ఇంకొక కారణం కూడా ఉంది. జనరల్ మోటార్స్ 2017లో మన దేశంలో షెవర్లే కార్ల అమ్మకం ఆపింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ నిలిపివేస్తున్నట్టు ప్రకటించింది. బ్రాండు పోయాక అదే ఊళ్లో మరో కంపెనీ డీలర్‌షిప్ తీసుకునే వ్యాపారికి పాత కస్టమర్లతో ఉన్న పరిచయమే పెట్టుబడి. ఆ పరిచయం మొత్తం కంపెనీ సర్వర్‌లోనే ఉంటే, లాగిన్ ఆగిపోయిన రోజున ఆయన చేతిలో మిగిలేది డెలివరీ ఫోటోల ఆల్బమ్ మాత్రమే.

రెండో దారి సాధారణ సీఆర్‌ఎం. ఇందులో జోహో సీఆర్‌ఎం, ఫ్రెష్‌వర్క్స్ వారి ఫ్రెష్‌సేల్స్ మన వ్యాపారులకు ఎక్కువగా ఎదురుపడే పేర్లు, రెండూ చెన్నైలో పుట్టిన సంస్థలవే. జోహో సీఆర్‌ఎం 2005 నుంచి ఉంది, ముగ్గురి దాకా ఉచితంగా వాడుకునే ఎడిషన్ కూడా ఉంది. ఖర్చు ఎడిషన్‌ను బట్టి మారుతుంది. ఉదాహరణకు ఒక్కొక్కరికి నెలకు 1,000 రూపాయలనుకుంటే, 20 మందికి ఏడాదికి 2,40,000, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 2,83,200 అవుతుంది. జీఎస్టీ ఎలాగూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన పన్నులో సర్దుబాటుగా, వస్తుంది కాబట్టి, దీన్ని ఏడాదికి ఎన్ని అదనపు కార్ల మార్జిన్‌తో పూడ్చుకోగలమో ప్రతి యజమానీ తన లెక్క తాను వేసుకోవచ్చు.

వీటికి కారు అంటే ఏమిటో ముందుగా తెలియదు, మనమే నేర్పాలి. ఇది లోపంలా కనిపిస్తుంది గానీ, మన ప్రాంతంలో నాకు ఇదే పెద్ద సౌకర్యంగా అనిపించింది. డీఎంఎస్‌లో ఎంక్వైరీని హాట్, వార్మ్, కోల్డ్ అని విభజించేది చాలావరకు రోజులను బట్టి. రెండు వారాల్లో కొనేవారు హాట్, రెండు మూడు నెలలు పట్టేవారు కోల్డ్. మన దగ్గర ఆషాఢంలో వచ్చి ‘దసరాకు తీసుకుంటాం’ అని చెప్పే మనిషి కోల్డ్ కాదు. ఆయన మాట మీద నిలబడే మనిషి, ముహూర్తం కోసం ఆగాడంతే. గురు మూఢమో శుక్ర మూఢమో వచ్చిన నెలల్లో డబ్బు కట్టేసినవారు కూడా డెలివరీ వాయిదా వేస్తారు. అందుకని ‘ఎప్పుడు కొంటారు’ అన్నది ఒక గడిగా, ‘ఎంత ఖాయం’ అన్నది మరో గడిగా, ‘ఎందుకు ఆగారు’ అన్నది మూడో గడిగా పెట్టుకోగల సీఆర్‌ఎం మనకు కావాలి. 2025లో ఈ మూడో గడి విలువ స్పష్టంగా తెలిసింది. ఆగస్టు 15న పన్ను తగ్గింపు మాట బయటకు రాగానే కొనుగోలుదారులు ఆగిపోయారు. చిన్న కార్ల మీద 28 శాతం పన్ను, ఆపైన సెస్సు పోయి 18 శాతం జీఎస్టీ అమల్లోకి వచ్చింది సెప్టెంబరు 22న. ‘జీఎస్టీ కోసం ఆగారు’ అని రాసిపెట్టుకున్న షోరూం ఆ రోజు ఉదయం ఎవరికి ఫోన్ చేయాలో వెతుక్కోనవసరం లేదు.

పేర్ల సంగతీ ఇలాంటిదే. వెంకటేశ్వర్లు అన్న పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఒకరు రాసినట్టు మరొకరు రాయరు. వెతకడం, ఒకే మనిషి రెండుసార్లు నమోదు కాకుండా ఆపడం మొబైల్ నంబరు మీద జరగాలి, అది కూడా ముందు సున్నా ఉన్నా, దేశం కోడ్ ఉన్నా చివరి పది అంకెలనే పోల్చి చూడాలి. సీఆర్‌ఎం డెమోలో దాన్ని అమ్మేవారు చక్కగా నింపిన నమూనా కస్టమర్లను చూపిస్తారు. వాటిని పక్కన పెట్టి, మీ దగ్గరున్న పాత ఎక్సెల్ ఫైలును అలాగే ఎక్కించి చూడమని అడగండి.

ఈ దారిలో అసలు ప్రమాదం రెండుసార్లు నమోదు చేయడం. ఎగ్జిక్యూటివ్ ఒకే కస్టమర్‌ను సీఆర్‌ఎంలో ఒకసారి, డీఎంఎస్‌లో ఒకసారి ఎక్కించాలంటే పండుగ ముందు వారంలోనే ఒకటి మానేస్తాడు. మానేసేది సీఆర్‌ఎంనే, ఎందుకంటే డీఎంఎస్ లేకుండా బిల్లు కాదు. నాకు తెలిసిన చోట్ల సీఆర్‌ఎంలు మూలపడింది సాఫ్ట్‌వేర్ చెడ్డదై కాదు, ఈ రెట్టింపు చాకిరీ వల్లే. దీనికి నేను చూసిన మందు ఒక్కటే. ఎగ్జిక్యూటివ్ సీఆర్‌ఎంలో మాత్రమే రాయాలి, అక్కడి నుంచి డీఎంఎస్‌కు ఎక్కించే పని బ్యాక్ ఆఫీసులో ఒకరికి అప్పగించాలి. రోజుకు 25 ఎంక్వైరీలు, ఒక్కోదానికి మూడు నిమిషాలు అనుకున్నా అది గంటంబావు పని. దానికి జీతం పెట్టలేని షోరూం రెండో దారి తొక్కకపోవడమే మంచిది.

మూడో దారి సేల్స్‌ఫోర్స్. ఈ సంస్థ 2022లో వాహన రంగం కోసమే ఆటోమోటివ్ క్లౌడ్ తెచ్చింది. అందులో వాహనం ఒక ప్రత్యేక రికార్డు, కుటుంబం మరొకటి. ఈ కుటుంబం అన్న ఆలోచన ఎంత అవసరమో షోరూంలో నిలబడ్డవారికి తెలుసు. భర్త తన నంబరుతో వెబ్‌సైట్‌లో ధర అడుగుతారు, భార్య తన నంబరుతో ఆదివారం షోరూంకు వచ్చి చూస్తారు, ఇద్దరు ఎగ్జిక్యూటివ్‌లు ఒకే ఇంటికి రెండు వేర్వేరు డిస్కౌంట్లు చెబుతారు, చివరికి మన మాట మీద నమ్మకం పోతుంది. సాధారణ సీఆర్‌ఎంలోనూ కుటుంబం పేరుతో విడి మాడ్యూల్ కట్టుకోవచ్చు గానీ, ఉచిత ఎడిషన్‌లో అది కుదరదు, కట్టేవారికి ఓపిక ఉండాలి. హైదరాబాద్‌లో సేల్స్‌ఫోర్స్‌కు పెద్ద కేంద్రం ఉంది, ఆ పని తెలిసినవారు మన రెండు రాష్ట్రాల్లో చాలామంది దొరుకుతారు. అయినా లైసెన్సు, అమర్చే భాగస్వామి సంస్థ ఫీజు, ఏడాది పొడవునా చూసుకునే మనిషి జీతం కలిపితే ఒకే ఊళ్లో ఒకే బ్రాండు అమ్మే డీలర్‌కు ఇది మోయలేని బరువు. నాలుగైదు బ్రాండ్లు, పది పదిహేను ఊళ్లలో షోరూంలు, సొంత ఐటీ విభాగం ఉన్న గ్రూపులకు మాత్రం ఇదే తగినది. ఒక బ్రాండు దగ్గర కారు కొన్న ఇంటికి పదేళ్ల తర్వాత మరో బ్రాండు కారు అమ్మగలిగేది ఆ స్థాయిలోనే.

పాత కార్ల వ్యాపారికి ఈ చర్చలో సగం వర్తించదు, ఆయనకు కంపెనీ డీఎంఎస్ ఉండదు. ఇద్దరు ముగ్గురు మనుషులతో నడిచే చోట జోహో వారి బిగిన్ వంటి చిన్న సాఫ్ట్‌వేర్ గానీ, జోహో సీఆర్‌ఎం ఉచిత ఎడిషన్ గానీ చాలు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం అధీకృత పాత వాహనాల డీలర్ తన దగ్గరున్న బండి ప్రయాణాలకు ఎలక్ట్రానిక్ రిజిస్టరు నిర్వహించాలి కాబట్టి, ప్రతి బండికీ ఒక రికార్డు, దాని కింద టెస్ట్ డ్రైవ్‌లు ఉండేలా కట్టుకుంటే రెండు పనులూ ఒకచోటే తీరతాయి.

అమెరికాలో కార్ల డీలర్ల కోసమే తయారైన విన్‌సొల్యూషన్స్ వంటి సీఆర్‌ఎంలు మన డీఎంఎస్‌లకు, మన రిజిస్ట్రేషన్ పద్ధతికి అతకవు, వాటిని ఇక్కడ పోల్చడం అనవసరం. అక్కడి అనుభవం మాత్రం పనికొస్తుంది. 2024 జూన్‌లో అక్కడి డీలర్లకు సాఫ్ట్‌వేర్ అందించే సీడీకే గ్లోబల్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అమెరికా, కెనడాల్లో దాదాపు 15,000 డీలర్‌షిప్‌లు ఇబ్బంది పడ్డాయి, చాలాచోట్ల కాగితం, పెన్నుతో రోజులు నెట్టుకొచ్చారు. అందుకే ఏ సీఆర్‌ఎం తీసుకున్నా, మొత్తం డేటాను మన కంప్యూటరులోకి దించుకునే వీలు ఉందో లేదో సంతకం పెట్టకముందే చేసి చూడాలి. కస్టమర్ వివరాల విషయంలో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ఎవరు దేనికి సమ్మతించారో, ఎప్పుడు వద్దన్నారో రాసే గడి లేని సాఫ్ట్‌వేర్‌ను ఇప్పుడు కొనడం తెలివైన పని కాదు. వాట్సాప్ కూడా ఎగ్జిక్యూటివ్ సొంత నంబరు నుంచి కాకుండా షోరూం నంబరు మీద, సీఆర్‌ఎంతో కలిసి నడవాలి.

మొత్తం మీద ఒక ఊళ్లో ఒక బ్రాండు అమ్ముతూ, పది నుంచి ముప్పై మంది ఎగ్జిక్యూటివ్‌లున్న డీలర్‌కు బుకింగ్ దాకా జోహో వంటి సీఆర్‌ఎం, బుకింగ్ నుంచి డీఎంఎస్ అన్న ఏర్పాటునే నేను సూచిస్తాను. కొనేముందు ట్రయల్ గడువులో ఒక పని చేయండి. ఇద్దరు ఎగ్జిక్యూటివ్‌లతో వారం రోజులు నిజమైన కస్టమర్లనే నమోదు చేయించండి. ఎనిమిదో రోజు వారిలో ఒకరి లాగిన్ ఆపేసి, ఆ కస్టమర్లను ఎన్నడూ చూడని మూడో ఎగ్జిక్యూటివ్‌కు కేటాయించి, అతను ఫోన్ చేస్తున్నప్పుడు పక్కనే కూర్చుని వినండి. అవతలివారు మొదటి రోజు చెప్పిన సంగతిని రెండోసారి చెప్పాల్సి వస్తే, అక్కడ ఏ గడి లేదో మీకే తెలుస్తుంది. ఆ గడిని మీరే, ఆ రోజే జోడించుకోగలిగితే ఆ సాఫ్ట్‌వేర్ తీసుకోవచ్చు.