ఫాంటసీ హిడెన్ ఆబ్జెక్ట్ గేమ్‌లు: ఏళ్లుగా ఆడుతున్న నా మాట

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో మధ్యాహ్నం పూట బయట కాలు పెట్టలేం. ఆ ఎండల్లో పట్టుకున్న అలవాటే నాకు ఈ గేమ్‌లు. బొమ్మ నిండా పోగేసిన సామాన్లలోంచి అడిగినవి వెతికి పట్టాలి. 2005లో వచ్చిన ‘మిస్టరీ కేస్ ఫైల్స్: హంట్స్‌విల్’తో ఈ రకానికి మంచి ఊపొచ్చింది. తర్వాత్తర్వాత వెతుకులాటకు కథ, పజిళ్లు తోడయ్యాయి. డిటెక్టివ్ కథలూ ఆడాను గానీ, నా ఓటు ఫాంటసీకే.

ఎందుకో ఒక ఉదాహరణ చెప్తా. పోలండ్‌కు చెందిన ఆర్టిఫెక్స్ ముండి వాళ్లు 2012లో తెచ్చిన ‘నైట్‌మేర్స్ ఫ్రమ్ ద డీప్: ద కర్స్‌డ్ హార్ట్’లో, చచ్చి కూడా తిరుగుతున్న సముద్రపు దొంగ ఒకడు మ్యూజియం నడిపే ఆవిడ కూతురిని ఎత్తుకుపోతాడు. ఎప్పుడో చనిపోయిన తన ప్రియురాలిని ఆ పిల్ల ప్రాణంతో బతికించుకోవాలని వాడి ఆశ. అది తెలిశాక వాడి మీద కోపంతో పాటు జాలీ కలుగుతుంది. ఇక ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాదు.

మంచి గేమ్‌లో దొరికిన ప్రతి వస్తువుకూ ఒక పనుంటుంది. జాబితాలో కొన్ని పేర్లు వేరే రంగులో ఉంటాయి, అవి ఊరికే దొరకవు. ఒకదాంట్లో తాళంచెవి మైనపు ముద్దలో ఇరుక్కుని ఉంది. అదే బొమ్మలో మూలన ఉన్న అగ్గిపెట్టె తీసి, కొవ్వొత్తి వెలిగించి, మైనం కరిగిస్తేనే చేతికొచ్చింది. ఆ చెవితో నేను చాలాసేపటి నుంచి తెరవలేక వదిలేసిన తలుపు తెరుచుకుంది. ఇలాంటి చోట కలిగే సంతోషం కోసమే నేను ఆడేది.

పేర్లకు బదులు వస్తువుల నీడలు చూపించే సీన్లయితే ఇంగ్లీషు రాని మా అమ్మ కూడా పక్కన కూర్చుంటుంది. “అద్దో, ఆ కుండ ఎనకాల సూడు” అని నాకంటే ముందే పట్టేస్తుంది. తెలుగులో జాబితా ఇచ్చే గేమ్ నాకింతవరకూ తగల్లేదు. ఇది నిజంగా పెద్ద లోటు.

అసలు చిరాకు ఉచితంగా దొరికే వాటితోనే. కాసేపు ఆడగానే ఎనర్జీ, అంటే ఆడటానికి వాళ్లిచ్చే పాయింట్లు, అయిపోయిందంటారు. నిండేదాకా ఆగాలి, లేదా డబ్బు కట్టాలి. పైగా అదే గది, అవే సామాన్లు, మళ్లీ మళ్లీ. పదోసారి అదే గొడుగు వెతికితే కథ ఏం గుర్తుంటుంది? గడియారం పెట్టి తొందరపెడితే బొమ్మను చూసి ఆనందించేదీ లేదు. ఇంత అందంగా గీసిన బొమ్మల్ని అలా వాడటం నాకు బాధగా ఉంటుంది.

డబ్బు పెట్టి కొన్నవాటిలో ఈ గోల ఉండదు, ఒకసారి దించుకుంటే చాలావరకు నెట్ కూడా అక్కర్లేదు. తుంగభద్ర ఎక్స్‌ప్రెస్‌లో సిగ్నల్ పోయినా నా ఆట ఆగలేదు. కాకపోతే సైజు ఎక్కువ, ఎండాకాలం ఫోన్ బాగా వేడెక్కుతుంది. చీకటి గుహల సీన్లయితే చిన్న స్క్రీన్ మీద సూది వెతకాలన్నా కళ్లు లాగేస్తాయి. అలాంటివి ట్యాబ్ మీదో, కంప్యూటర్ మీదో ఆడండి. ఇంకొకటి, కథలు ఒకే మూసలో పడ్డాయి. ఎవరినో ఎత్తుకుపోతారు, శాపం ఉంటుంది, విరిగిన తాయెత్తు ముక్కలు కలపాలి. నాలుగైదు ఆడితే ముగింపు ముందే తెలిసిపోతుంది.

కొనే ముందు ఉచితంగా ఇచ్చే మొదటి భాగం పూర్తిగా ఆడండి. అక్కడ దొరికిన వస్తువులు కథలో పనికొస్తున్నాయా, ఊరికే మాయమవుతున్నాయా చూడండి. మాయమవుతుంటే మిగతా భాగానికి డబ్బు పెట్టకండి.