ఆబగా తిని కక్కే కుక్కకు స్లో ఫీడర్ గిన్నె: ఏళ్ల తరబడి వాడాక

తిన్న కాసేపటికే డ్రై ఫుడ్ గింజలు నమలకుండా మింగినవి మింగినట్టే బయటపడుతుంటే ఈ గిన్నె బాగా పనిచేస్తుంది. లోపలి గట్ల వల్ల నోటినిండా ఒకేసారి అందదు, సందుల్లోంచి నాలుకతో తోడుకోవాలి. నిమిషంలో ఊడ్చేసే లాబ్రడార్‌కు అదే తిండి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది.

అయితే ఇది ఆపేది ఆ ఒక్క రకాన్నే. పొట్ట ఎగరకుండా, తల వంచగానే తిన్నది జారిపడితే ఆబే కారణం కావచ్చు. మెల్లగా తిన్నా ఆగకపోతే అన్నవాహికలో తేడా ఉందేమో డాక్టరుకు చూపించాలి. డొక్కలు ఎగరేస్తూ, చొంగ కారుస్తూ కక్కేది అసలు వాంతి. దానికి గిన్నెతో పనిలేదు. పొద్దున్నే ఖాళీ కడుపుతో పసుపు నురగ కక్కే కుక్కకు రాత్రి పడుకునే ముందు గుప్పెడు తిండి పెట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది.

మన వరంగల్, హన్మకొండ ఇళ్లల్లో ఎక్కువగా పెట్టేది పెరుగన్నం, చికెన్ అన్నం. లోతైన గట్లు దీనికి పనికిరావు. మెతుకులు మూలల్లో ఇరికి, మే నెల ఎండకు మధ్యాహ్నానికే పులుస్తాయి. ఆ పులిసింది నాకితే మళ్లీ వాంతులే! గట్లు పొట్టిగా, నడుమ రెండు వేళ్లు పట్టేంత సందున్నది తీసుకోండి. పగ్ లాంటి పొట్టి మూతి కుక్కలకూ అదే నయం. తినగానే నీళ్లు పోసి నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలలు తోమాలి. గీతలు పడి జిడ్డు వదలని ప్లాస్టిక్ గిన్నె పారేయండి. అడుగు రబ్బరు ఊడితే గచ్చు మీద జారుతుంది, తెలివైన కుక్క బోర్లించి తినేస్తుంది. అంచులు కొరికే కుక్కకు ప్లాస్టిక్ వద్దే వద్దు, ముక్కలు పేగుల్లో అడ్డుపడతాయి.

ఈ గిన్నె ఉంది కదా అని ధీమా పడకూడని సందర్భాలు రెండున్నాయి. పొట్ట ఉబ్బి, కక్కబోయి ఏమీ రాక అల్లాడుతుంటే కడుపు మెలిపడి ఉండొచ్చు. టీకాలు పడని కుక్కపిల్ల కక్కుతూ నెత్తుటి విరేచనాలు పెడితే పార్వో అనే వైరస్ జబ్బు కావచ్చు. తెల్లారేదాకా ఆగకుండా పశువుల దవాఖానకు తీసుకుపోవాలి. మనుషుల నొప్పి గోళీలు అసలే వేయొద్దు.

కొనేముందు ఒకసారి వెడల్పు స్టీలు బేసిన్‌లో చిన్న గిన్నె బోర్లించి, చుట్టూ తిండి పోసి చూడండి. లోపలి గిన్నె కుక్క మూతితో నెట్టలేనంత బరువుండాలి. దానితోనే కక్కడం తగ్గితే కొత్త గిన్నె ఖర్చు అక్కర్లేదు.