కర్నూలులో మొదటి పది కిలోమీటర్లు: తెల్లవారుజామున నాలుగింటికి ఏది పనికొచ్చింది?

పరుగు పందెం కోసం వేరే ఊరు వెళ్లేటప్పుడు హోటల్‌ను చూసే పద్ధతే మారిపోవాలి. ఏసీ, పెద్ద టీవీ, బఫే టిఫిన్ మామూలు ప్రయాణాలకు సరిపోతాయి. పరుగుకు వెళ్లేవాళ్లు అడగాల్సింది వేరే: తెల్లవారుజామున నాలుగింటికి గేటు తీస్తారా, వేడినీళ్లు వస్తాయా, బయట టీ దొరుకుతుందా, ఆటో ఉంటుందా? మొన్న ఫిబ్రవరిలో కర్నూలులో మొదటి 10కె పరిగెత్తి వచ్చాను. అక్కడ చూసిన వాటన్నిటికీ ఈ నాలుగింటి లెక్క ప్రకారమే మార్కులు వేస్తున్నాను.

మాది అనంతపురం. వానాకాలం నుంచి ఆర్ట్స్ కాలేజీ మైదానంలో నడకతో మొదలుపెట్టి, మెల్లగా పరుగులోకి వచ్చాను. మొదటి పోటీకి హైదరాబాద్ మారథాన్‌లోనే 10కె చేయమన్నారు కొందరు. ఆగస్టు ఉక్క, వేలల్లో జనం, ఎక్కీ దిగే ఫ్లైఓవర్లు, మొదటిసారికి అవన్నీ ఎందుకు అనిపించింది. కర్నూలైతే గుత్తి, డోన్ మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సులో మూడు గంటలు చిల్లర, టికెట్ కూడా భారం కాదు. తోడుగా మా చెల్లెలు వచ్చింది, తను 5కెకి పేరిచ్చింది.

బస కోసం మూడు చోట్ల వాకబు చేశాం. బళ్లారి చౌరస్తా దగ్గర, కొత్త బస్టాండు చుట్టూ ఉన్న లాడ్జీలు చవక. రాత్రంతా బస్సుల హారన్లు, కానీ టీ బంకులు మూతపడవు. హైవే పక్కన ఉన్న పెద్ద హోటల్‌లో పరుపులు దూదిలా మెత్తగా ఉన్నాయి. టిఫిన్ ఎన్నింటికి పెడతారని అడిగితే ఏడున్నర అన్నారు, అప్పటికి మా పరుగు అయిపోవస్తుంది. పైగా అంత పొద్దున ఊళ్లోకి ఆటో దొరకదని రిసెప్షన్ అబ్బాయే నిజం చెప్పాడు. చివరికి రాజ్‌విహార్ సెంటర్ దగ్గర ఒక పాత లాడ్జీలో 1,200 రూపాయల గది తీసుకున్నాం. గోడలకు సున్నం పెచ్చులు లేచాయి, కిటికీ తలుపు సరిగ్గా పడదు. అయినా స్టార్టింగ్ పాయింట్ కొండారెడ్డి బురుజు, అక్కడికి నడిచిపోవచ్చు. ఇంకో లాభం, ఇలాంటి లాడ్జీల్లో చాలావాటికి 24 గంటల చెక్అవుట్ ఉంటుంది. మధ్యాహ్నం రెండింటికి దిగితే మర్నాడు రెండింటిదాకా గది మనదే. పరుగు తర్వాత స్నానం చేసి, గంటసేపు కాళ్లు గోడకు ఆనించి పడుకోవడానికి అది ఎంత అవసరమో చెప్పలేను. పదకొండింటికే ఖాళీ చేయమనే చోట దిగకండి.

బాత్రూమ్ తలుపు వెనక ఒక రేకు బోర్డు: "వేడి నీళ్లు ఉదయం 6 నుండి 9 వరకు మాత్రమే." మేము ఆరింటికి పరుగు లైన్లో ఉండాలి. రాత్రే కౌంటర్‌లో అడిగితే, నాలుగింటికి వాచ్‌మన్ బకెట్ తెచ్చిస్తాడన్నారు. తెచ్చాడు కూడా, నాలుగూ పదికి, పొగలు కక్కుతూ. గ్రిల్ గేటు తాళం తీస్తూ, "ఏం మేడమ్, ఇంత పొద్దున్నే యాడికి? బస్సుకా?" అన్నాడు. "పరిగెత్తడానికి, అన్నా" అన్నాను. నా బూట్ల వంక చూసి, "పరిగెత్తేదానికి అనంతపురం నుంచి ఈడికి వచ్చినారా?" అని నవ్వాడు. వాదించడానికి నా దగ్గర మాట లేదు.

బిబ్‌లు, అంటే ఛాతీకి తగిలించుకునే నంబరు కాగితాలు, ముందురోజు సాయంత్రం ఇచ్చారు. ఐడీ కార్డు చూపించాలి. టీషర్టులు మీడియం సైజు అయిపోయాయి, నాకు ఎక్స్ఎల్ దక్కింది. అయినా బాధ లేదు, ఎందుకంటే కొత్త టీషర్టుతో పరుగుకు దిగకూడదు. చెమటకు తడిసిన కొత్త గుడ్డ చంకల్లో, మెడ దగ్గర ఒరుసుకుపోతుంది. అలవాటైన పాత బట్టలు, అరిగీ అరగని బూట్లు, ఒరుసుకునే చోట కాస్త వ్యాజిలైన్, ఇవి చాలు. బిబ్ వెనక అంటించిన, మన టైమ్ లెక్కపెట్టే సన్నటి చిప్‌ను మడవకూడదని మాత్రం వాళ్లు గట్టిగా చెప్పాల్సింది. ఒకాయన బిబ్‌ను నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకుని వెళ్లిపోయాడు.

రాత్రి తిండి దగ్గర కర్నూలు పరీక్ష పెడుతుంది. వీధి చివర బండి మీద మిరపకాయ బజ్జీలు నూనెలో తేలుతుంటాయి, పక్కనే నాటుకోడి పులుసు, రాగి సంగటి బోర్డు. కారం, నూనె రాత్రి తింటే పొద్దున మూడో కిలోమీటరు దగ్గర కడుపు లెక్క అడుగుతుంది. నేను మెస్సులో పప్పన్నం, పెరుగన్నం తిని ఎనిమిదింటికే ముగించాను. చెల్లెలు బజ్జీలు తినింది, ఆమె కడుపు వేరే జాతి.

పొద్దున ఒక అరటిపండు, సెంటర్‌లో ఒక కాఫీ. బురుజు దగ్గరికి ఐదుంపావుకు చేరాం. చీకట్లో లైట్లు పడుతున్న ఆ బురుజు ముందు స్పీకర్లు పెట్టి జుంబా వార్మప్ చేయిస్తున్నారు. విజయనగర రాజుల కాలం నాటి కోటలో మిగిలిన కట్టడం ముందు డీజే పాటలు వింతగా ఉన్నా, ఒళ్లు వేడెక్కింది. తర్వాత ముఖ్య అతిథి రావడం ఆలస్యమైంది, ప్రసంగం ఆలస్యం కాలేదు, పొడవైంది. వేడెక్కిన ఒళ్లు చల్లారిపోయింది. ఉన్నచోటే మోకాళ్లు పైకెత్తుతూ మళ్లీ వేడి చేసుకోవాల్సి వచ్చింది.

నిర్వాహకుల మీద నా అసలు ఫిర్యాదు టాయిలెట్ల గురించే. ఆడవాళ్లకు పెట్టిన మొబైల్ టాయిలెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, వాటిల్లో ఒకదానికి గొళ్లెం లేదు. క్యూ రోడ్డుదాకా వచ్చింది. టెన్షన్‌కు అందరికీ అదే అవసరం పడుతుందని ఇంత ఖర్చుపెట్టి పరుగు పెట్టేవాళ్లకు తెలియదా? ఆడవాళ్లు ఎవరైనా రూమ్ దగ్గరగా తీసుకోవాలనడానికి ఇదే పెద్ద కారణం.

జనం కదలగానే నేను కావాలనే వెనక నిలబడ్డాను. స్టార్టింగ్ లైన్లో పరిచిన మ్యాట్ దాటినప్పటి నుంచే చిప్ టైమ్ మొదలవుతుంది కాబట్టి వెనక నిలబడితే పోయేదేమీ లేదు. ముందున్న కుర్రాళ్లు బాణాల్లా దూసుకెళ్లారు, వాళ్లలో చాలామందిని హంద్రీ వంతెన దాటాక నడుస్తూ చూశాను. మాట్లాడగలిగే వేగంలోనే పరిగెత్తడం, మధ్యమధ్య ఒక నిమిషం నడవడం నా పద్ధతి. 1972 ఒలింపిక్స్‌లో అమెరికా తరఫున 10,000 మీటర్లు పరిగెత్తిన జెఫ్ గాలోవే ప్రచారంలోకి తెచ్చినది ఇదే. అలసిపోయాక నడవడం కాదు, అలసిపోకముందే నడవాలి. నడుస్తుంటే ఎవరో ఏదో అనుకుంటారన్న బిడియం రెండో కిలోమీటరులోనే పోతుంది, ఎవరి ఆయాసం వాళ్లది.

కలెక్టరేట్ దాటి సి క్యాంపు వైపు వెళ్లి వెనక్కి తిరగాలి. ఒకవైపు రోడ్డు పోలీసులు బాగానే ఆపారు. కుక్కల్ని మాత్రం ఎవరూ ఆపలేదు. పాలప్యాకెట్లు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన, "నిదానంగా పోమ్మా, ఎవరూ తరమల్లేదులే" అన్నాడు. ఆరో కిలోమీటరు తర్వాత కాళ్లు బరువెక్కాయి. అక్కడే సూర్యుడు కూడా ఎదురొచ్చాడు. రాయలసీమలో ఫిబ్రవరి ఎండకు ఏడున్నరకే పదును వస్తుంది.

నీళ్ల ఏర్పాటు మాత్రం మెచ్చుకోవాలి. దాదాపు ప్రతి రెండు కిలోమీటర్లకు బల్లలు, పేపరు కప్పులు, ఒకచోట ఉప్పు చల్లిన నారింజ తొనలు. అందరూ మొదటి బల్ల దగ్గరే గుమిగూడతారు, చివరి బల్ల ఖాళీగా ఉంటుంది. కప్పు అంచును నొక్కి సన్నగా చేసుకుంటే పరుగులోనే గుక్క తాగొచ్చు, మీద ఒలకదు. దాహం వేసినంతే తాగాలి. నాలాంటి నిదానపు పరుగువాళ్లే ఎక్కువసేపు రోడ్డు మీద ఉండి, ప్రతి బల్ల దగ్గరా తాగేసి, రక్తంలో సోడియం తగ్గించుకుంటారు. అది ఎండదెబ్బంత ప్రమాదం. అంబులెన్సు మా వెనకే మెల్లగా వచ్చింది.

ఫినిష్‌లో మెడల్, మజ్జిగ, ఉప్మా పొట్లం. ఉప్మా చల్లారిపోయింది, మజ్జిగ అమృతం. లాడ్జీకి పోయి స్నానం చేశాక ఉగ్గాణి, బజ్జీ కోసం వెతుక్కుంటూ వెళ్లాం. బొరుగులు తడిపి పోపు పెట్టి, పుట్నాల పొడి చల్లిన ఉగ్గాణి అనంతపురంలోనూ దొరుకుతుంది, కానీ పది కిలోమీటర్ల తర్వాత తిన్న రుచి వేరు.

ఊరు చూడాలనుకునేవాళ్లకు ఒక మాట. ఓర్వకల్లు రాక్ గార్డెన్ బాగుంటుందని ముందురోజే వెళ్తారు కొందరు. రాళ్ల మీద ఎక్కి దిగితే మర్నాటికి పిక్కలు పట్టేస్తాయి. యాగంటి మెట్లు పరుగైన రోజు వద్దేవద్దు. ఎటైనా వెళ్లాలంటే పరుగు తర్వాత అలంపురం మంచిది. తుంగభద్ర అవతల, తెలంగాణలో, పాతిక కిలోమీటర్ల దూరం. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలన్నీ చదునైన నేల మీదే, నిదానంగా తిరగొచ్చు. జోగులాంబ గుడిలో ఆదివారం రద్దీ ఎక్కువ, చెప్పులు విడిచి కాలే బండల మీద నడవాలి కాబట్టి పన్నెండు లోపే వెళ్లిరండి.

తిరుగు ప్రయాణంలో బస్సు మెట్లు దిగడమే కష్టం, ఎక్కడం కాదు. కిటికీ పక్క సీటు వదులుకుని నడవ పక్కన కూర్చోండి, మోకాలు చాపుకోవచ్చు. డోన్‌లో బస్సు ఆగినప్పుడు దిగి నాలుగడుగులు వేయండి. లాడ్జీలో ఈసారి మాకు మూడో అంతస్తు ఇచ్చారు, లిఫ్టు లేదు. వచ్చే ఏడు కూడా అక్కడే దిగుతాం, మొదటి అంతస్తు గది ఇప్పుడే చెప్పి వచ్చాం.