జాంగో ఫామ్స్: ఏళ్ల తరబడి వాడాక

డేటాబేస్‌లో ఒక్క టేబుల్‌కి ఫామ్ కావాలంటే జాంగో (పైతాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) ఇచ్చినంత సుఖం ఇంకెక్కడా దొరకలేదు నాకు. మోడల్‌ఫామ్‌కి (మోడల్, అంటే టేబుల్‌ని వర్ణించే కోడు, చూసి ఫామ్ కట్టేది) ఫీల్డుల పేర్లు చెబితే చాలు, వాలిడేషన్ (నింపినవి సరిచూడటం), ఎర్రర్ మెసేజీలు అదే చూసుకుంటుంది. ఫారిన్ కీలు (ఒక వరుస నుంచి ఇంకో టేబుల్ వరుసకు లంకె), మెనీ టు మెనీలు (రెండు వైపులా ఎన్నైనా లంకెలు) వచ్చాకే అసలు పేచీ.

ఎర్రర్ వచ్చిందంటే దార్లో పడ్డట్టే. జాంగోలో సతాయించేది ఎర్రర్ రాకపోవడం. బ్లాగు పోస్టు రాసే ఫామ్‌నే తీసుకోండి. రచయితను లాగిన్ నుంచి తీసుకోవాలి కాబట్టి సేవ్‌కి కమిట్=ఫాల్స్ (ఇప్పుడే డేటాబేస్‌లో రాయొద్దని) ఇస్తాం, రచయితను తగిలించి సేవ్ చేస్తాం. పోస్టు బుద్ధిగా డేటాబేస్‌లో కూర్చుంటుంది, టిక్కు పెట్టిన ట్యాగులు మాత్రం గల్లంతు. పోస్టుకి ఐడీ పుట్టకముందు ట్యాగుల వరుసలు రాయడం కుదరదు, అందుకే వాటిని పక్కన పెడుతుంది. పోస్టు సేవయ్యాక ఫామ్ మీద సేవ్_ఎమ్2ఎమ్ మనమే పిలవాలి. డాక్యుమెంటేషన్‌లో ఉందనుకోండి, కానీ ట్యాగులు పోయాక గానీ ఆ పేరా ఎవరూ చదవరు.

దీనికి తమ్ముడు ఇంకోటుంది. రచయిత, స్లగ్ (యూఆర్ఎల్‌లో వచ్చే పోస్టు పేరు) కలిపి యూనిక్ (ఆ జత రెండోసారి రాకూడదు) అని మోడల్‌లో పెట్టాం. ఫామ్‌లో రచయిత ఫీల్డు లేదు కాబట్టి జాంగో ఆ పరీక్షే చెయ్యదు. ఫామ్ తనిఖీ, అంటే ఈజ్_వాలిడ్, పాసవుతుంది, సేవ్ దగ్గర డేటాబేస్ ఒప్పుకోక ఇంటిగ్రిటీ ఎర్రర్‌తో 500 (సర్వర్ ఎర్రర్) పేజీ. యూజర్‌ని ఫామ్‌కి పంపి, క్లీన్ అనే ఫామ్ మెథడ్‌లో ఆ తనిఖీ మనమే రాసుకోవడం నాకు కుదిరిన పద్ధతి.

ఇక ఇన్‌లైన్ ఫామ్‌సెట్లు, అంటే ఒక రికార్డు కింద దానికి చెందిన వరుసలకు ఒకే పేజీలో ఫామ్‌లు. టెంప్లేట్ (పేజీ హెచ్‌టీఎమ్ఎల్) చేత్తో రాస్తే మేనేజ్‌మెంట్ ఫామ్ (ఎన్ని వరుసలున్నాయో చెప్పే దాగిన ఫీల్డులు) మర్చిపోవడం మామూలే. పాత వెర్షన్లలో వెంటనే ఎక్సెప్షన్ పడేది, జాంగో 3.2 నుంచి అది నాన్_ఫామ్_ఎర్రర్స్‌లోకి (ఏ ఒక్క వరుసకూ చెందని ఎర్రర్ల జాబితా) పోతోంది. సేవ్ నొక్కితే అదే పేజీ మళ్లీ వస్తుంది, ఫామ్‌సెట్ ఎర్రర్స్ ప్రింట్ చేస్తే ఖాళీ లిస్టు. నన్నడిగితే పాత గోలే మేలు! ప్రతి వరుసలో దాగుండే ఐడీ ఫీల్డు వదిలేసినా అదే పేజీ మళ్లీ వస్తుంది, ఎర్రర్ ఆ దాగిన ఫీల్డు మీదే ఉండిపోతుంది. అందుకే ఫామ్‌సెట్ ఉన్న ప్రతి టెంప్లేట్‌లో నాన్_ఫామ్_ఎర్రర్స్, హిడెన్ ఫీల్డుల ఎర్రర్లు ముందే ప్రింట్ చేసిపెడతాను.

వేగం సంగతికొస్తే, వరుసకో ఫారిన్ కీ డ్రాప్‌డౌన్ ఉంటే డేటాబేస్‌కి వరుసకో క్వెరీ పడుతుంది. అడ్మిన్‌లో (జాంగోతో వచ్చే నిర్వహణ పేజీలు) ఆటోకంప్లీట్_ఫీల్డ్స్ (టైపు చేస్తే వెతికిచ్చే డ్రాప్‌డౌన్) 2.0 నుంచే ఉంది. బయటి ఫామ్‌లకు అలాంటిది ఇవ్వలేదు, ఇప్పటికీ ఎవరికి వాళ్లు విడ్జెట్ (ఫీల్డుని పేజీలో చూపే కోడు) రాసుకోవడమో, ఏదో ప్యాకేజీ తగిలించుకోవడమో చేస్తున్నారు.