అమ్మకి థెరపిస్ట్ కోసం 14416కి చేశాం

అమ్మకి నిద్ర లేదు, ఊరికే టెన్షన్. కౌన్సెలింగ్ అంటే "నాకేమన్నా పిచ్చా?" అంది. హైదరాబాద్‌లో ఒకచోట అడిగితే ఇంగ్లీషులోనే మాట్లాడతామన్నారు. ఫీజు మాత్రం ముందే కట్టాలట! అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కి ఫోన్ చేశాం. 2022 అక్టోబర్‌లో మొదలైంది. ఉచితం, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అవతలి కౌన్సెలర్ అమ్మని మధ్యలో ఆపకుండా చెప్పనిచ్చారు, అదే నాకు బాగా నచ్చింది.

హెల్ప్‌లైన్ కాబట్టి వారంవారం థెరపీకి వేరే వెతుక్కోవాలి. మందులు రాసేది సైకియాట్రిస్ట్. మాటలతో చికిత్సకైతే క్లినికల్ సైకాలజిస్ట్. ఈ సైకాలజిస్ట్‌కి ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని మొహమాటపడకుండా అడగండి. మేం అడిగితే ఒకాయన చిరాకుపడ్డారు. ఆయన్ని వదిలేశాం. ఇప్పుడు చూస్తున్నావిడ అచ్చం మా గుంటూరు మాటే మాట్లాడతారు, అపాయింట్‌మెంట్ టైమ్ అమ్మే నాకు గుర్తుచేస్తోంది.