వించెస్టర్‌లో ఒక రాత్రి, ఒక పుస్తకం కోసం

మా అమ్మాయి రెడింగ్‌లో ఉంటుంది. అక్కణ్ణించి లండన్, ఆక్స్‌ఫర్డ్, వించెస్టర్ మూడింటికీ నేరుగా రైళ్లున్నాయి. బంగారు రేకు అద్ది బొమ్మలు వేసిన మధ్యయుగాల చేతిరాత పుస్తకాలు చూడాలన్నది నాకు ఏళ్లనాటి కోరిక. మూడు ఊళ్లూ తిరిగొచ్చాక చెబుతున్నాను: మీకు ఒక్కరోజే వీలుంటే వించెస్టర్ వెళ్లండి, అక్కడి కథీడ్రల్‌లో (ఊళ్లోని పెద్ద చర్చి) ఉన్న వించెస్టర్ బైబిల్ అనే చేతిరాత పుస్తకం చూడండి.

లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీ సెయింట్ పాంక్రాస్ స్టేషన్ పక్కనే. అపురూపమైన పుస్తకాలు పెట్టిన గదికి టికెట్టు లేదు. పెద్ద పెట్టెలతో మాత్రం వెళ్లకండి, లోపలికి రానివ్వరు. ఏ పుస్తకమైనా తెరిచి ఉంచిన చోటే చూడాలి, పైగా వాటిని మారుస్తుంటారు. ఫలానాదే చూస్తానని పట్టుబట్టి వెళ్తే దొరక్కపోవచ్చు. క్వీన్ మేరీ సాల్టర్ ఈ లైబ్రరీదే. 1310-20 మధ్య ఇంగ్లండ్‌లోనే తయారైన కీర్తనల పుస్తకం. అయినా అందులో పాత నిబంధన బొమ్మల కింద కథ చెప్పేది ఫ్రెంచిలో! 1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను గెలిచాక దొరల ఇళ్లలో మాట ఫ్రెంచి అయింది, బొమ్మల కింద రాత కూడా అదే అయింది. 1553లో ఈ పుస్తకం దేశం దాటిపోబోతుంటే బాల్డ్‌విన్ స్మిత్ అనే సుంకాల అధికారి ఆపి మేరీ రాణికి ఇచ్చాడట. ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది.

ఆక్స్‌ఫర్డ్‌కి ఒక పూట చాలు. బాడ్లియన్ లైబ్రరీ పక్కనున్న క్యాట్ స్ట్రీట్‌లో 13వ శతాబ్దంలో తోలు కాగితం చేసేవాళ్లు, బైండింగు చేసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు ఇరుగుపొరుగుగా బతికారు. వాళ్లలో విలియం డి బ్రెయిల్స్ ఒకడు. తన బొమ్మ తనే వేసుకుని, 'నన్ను చిత్రించినవాడు' అని పక్కన సంతకం చేశాడు. అదీ ఫ్రెంచిలోనే. ఆ వీధిలో ఇప్పుడు ఆ పనివాళ్ల ఆనవాళ్లేమీ కనబడవు, నడవడానికి మాత్రం హాయిగా ఉంటుంది.

ఇక వించెస్టర్. కథీడ్రల్‌కి టికెట్టుంది, 'కింగ్స్ అండ్ స్క్రైబ్స్' ప్రదర్శన అందులోనే కలిసి వస్తుంది. లిఫ్టుంది కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మావారికి ఇబ్బంది కాలేదు. బైబిల్ ఉన్న గదిలో వెలుతురు బాగా తక్కువ. కళ్లు అలవాటు పడేదాకా ఓపిగ్గా నిలబడండి, తర్వాత బంగారం దానంతటదే పైకి తేలుతుంది. పేజీ దాదాపు రెండడుగుల ఎత్తు. సుమారు 250 దూడల తోళ్లు పట్టాయంటారు. రాసింది ఒకే చేయి, బొమ్మలు వేసింది కనీసం ఆరుగురు.

నాకు అన్నిటికన్నా నచ్చింది మనుషుల బట్టలు. గోదావరిలో మునిగి లేచినవాడి పంచె ఒంటికి అతుక్కున్నట్టు, తొడ దగ్గర ఒక గుండ్రం, మోకాలి దగ్గర ఒక గుండ్రం. ఈ పద్ధతి మూలం బైజాంటియం, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యం. ఇక్కడి బిషప్ హెన్రీ ఆఫ్ బ్లావా ఫ్రాన్స్‌లోని క్లూనీ మఠంలో పెరిగినవాడు, 1129 నుంచి 1171 దాకా ఈ పీఠంలో ఉన్నాడు, ఈ బైబిల్ చేయించింది ఆయనే అంటారు. ఇలాంటి మనుషులు ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న సముద్రానికి అటూ ఇటూ తిరుగుతుంటే కళ కూడా వాళ్లతోపాటే తిరిగిందని నాకనిపిస్తుంది.

ఈ బైబిల్ పూర్తి కాలేదు. బొమ్మలతో అలంకరించాల్సిన పెద్ద తొలి అక్షరాల్లో కొన్నింటిలో ఉత్త గీతే ఉంది, కొన్నింటిలో బంగారం అద్ది రంగు వేయకుండా వదిలేశారు. అందుకే పని వరస అర్థమవుతుంది: ముందు గీత, తర్వాత బంగారం, చివర్న రంగు. కొన్ని అక్షరాలను ఎవరో కత్తిరించుకుపోయారు. అది తెలిసి కడుపు తరుక్కుపోయింది.

బస విషయంలో దెబ్బతిన్నాం. స్టేషన్ నుంచి అయిదు నిమిషాలని రాసుకున్న గెస్ట్‌హౌస్‌కి పెట్టె లాక్కుంటూ ఎత్తెక్కడానికే ఇరవై నిమిషాలు పట్టింది. గది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. శాకాహారులమని ముందే చెప్పినా పొద్దున టోస్టు, పుట్టగొడుగులే. అయినా రాత్రి ఉండటం మంచిదే అయింది. మర్నాడు తలుపులు తీయగానే మళ్లీ వెళ్లాం. జనం ఇంకా రాలేదు. ఈసారి కథీడ్రల్‌లోనే ఉన్న హోలీ సెపల్కర్ చాపెల్ అనే చిన్న ప్రార్థన గదిలోని గోడబొమ్మలు కూడా చూశాం, ముందురోజు హడావుడిలో వదిలేశాం. వాటిలోనూ బైబిల్ చిత్రకారుల పనితనం కనిపిస్తుంది. మీరు బైబిల్ చూశాకే అటు వెళ్లండి.